ఇంటికుక్కల కలహము - నివారణోపాయములు



నేటి నా ప్రసంగవిషయమును విని కొందరు చిరునవ్వు నవ్వుకొనవచ్చును. ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు శబ్దరూపములును సంధులును చెప్పిన పంతులు, ఉద్యోగము చాలించిన పిదప కుక్కల కొట్లాటను గూర్చి ఉపన్యసించుటయా యని. కాని శునకము శాస్త్రమునకు వెలియైనది కాదు. పాణిని మహర్షి శ్వన్, యువన్, మఘవన్ అను మూడు శబ్దములను ఒకే సూత్రమున కూర్చినాడు. కుక్కను, పడుచువానిని, దేవేంద్రుని ఒకే బంతిని కూర్చుండబెట్టుటకు ఆ మహర్షికి లేని సంకోచము మనకేల?

అదియునుగాక ఈ విషయము మా యూరివారికి మిక్కిలి పనికివచ్చునది. మాది శ్రీరాంపూరు. వెనుక ఆదిలాబాదు జిల్లాలో నుండి, 2016లో మంచిర్యాల జిల్లాలో చేరిన సింగరేణి బొగ్గుగనుల ప్రాంతము. ఇక్కడ కార్మికుల క్వార్టర్లు వరుసలు వరుసలుగా నుండును. ఒకరు ఉద్యోగవిరమణ చేసి క్వార్టరు విడిచి స్వగ్రామమునకు పోవుదురు. సామానంతయు లారీ యెక్కును గాని కుక్క యెక్కదు. అది నాలుగు దినములు మూసిన తలుపుకడ కూర్చుండి, అయిదవనాడు పొరుగింటి గడపకు వచ్చును. ఆ యింటి ఇల్లాలు జాలిపడి ఇంత అన్నము పెట్టును. ఈ రీతిగా కోరి తెచ్చుకొన్నది యొకటి, తానై వచ్చి చేరినది యొకటి, దాని పిల్ల యొకటి, ఇట్లు ఒకే లోగిలిలో రెండు మూడు కుక్కలు పోగగుచున్నవి. ఆ వెనుక కొట్లాటలు మొదలగును. ఆ కొట్లాటలలో చెడునవి మూడు: కుక్క ప్రాణము, విడదీయబోయినవాని చేయి, ఇంటి శాంతి. తుదకు ఒకనాటి రాత్రి ఒక కుక్కను గోనెసంచిలో పెట్టి దూరమున విడిచివచ్చుటతో కథ ముగియును. అట్లు ముగియకుండ చేయుటయే నేటి ప్రసంగమునకు ఉద్దేశము.

మొదట ఒక మాట. శాశ్వతమైన వైరము గల ప్రాణుల పేర్లు కలిసి ద్వంద్వసమాసమైనచో దానికి ఏకవచనము వచ్చునని వ్యాకరణశాస్త్రము. పామునకును ముంగిసకును అట్టి పగ గలదు గనుక అహినకులము అని యందుము. కుక్కకును కుక్కకును అట్టి జన్మవైరము లేదు. అది గుంపుగా బ్రదుక నేర్చిన జాతి. కావున ఇంటికుక్కలు పోరాడుచున్నవనిన, దానికి కారణము కలదని యెరుగవలయును. కారణమున్న వ్యాధికి చికిత్సయు ఉండును. జాతిస్వభావమని చేతులు ముడుచుకొన పనిలేదు.

ఆ కారణమును ఆ కలహక్రమమును మహాభారతమున ధర్మరాజు చక్కగా చెప్పినాడు. ఉద్యోగపర్వమున శ్రీకృష్ణుడు రాయబారమునకు బయలుదేరుటకు ముందు, ధర్మజుడు ఆయనతో రాజుల యుద్ధమును మాంసఖండము కొరకైన కుక్కల పోరుతో పోల్చినాడు. ముందు తోకలు కదలును. పిమ్మట ఒకటి గుర్రుమనును, రెండవది బదులు చెప్పును. ఒకదానిచుట్టు ఒకటి తిరుగును. పండ్లు చూపును. అరపులు మిన్నుముట్టును. అప్పుడు గాని యుద్ధము కాదు. గెలిచినది మాంసమును తినును. మనుష్యులయందును ఇంతకన్న విశేషమేమియు లేదని ఆయన ఆవేదన. ఈ వర్ణనమున మనకు రెండు పాఠములున్నవి. ఒకటి, కాటు అనునది మొదటిమెట్టు కాదు, తుదిమెట్టు. రెండు, నడుమ ఒక మాంసఖండము ఉన్నది. ఇంటికుక్కల కలహమును మాన్పుటకు ఈ రెండు పాఠములే మూలసూత్రములు. తక్కినదంతయు వానికి వ్యాఖ్యానము.

మెట్ల సంగతి ముందుగా చెప్పెదను. తోక ఊపిన కుక్క స్నేహముగా నున్నదని లోకమున వాడుక. అది సగము నిజము. ధర్మరాజు కలహమునకు తొలిగురుతుగా తోక కదలికనే చెప్పినాడు. 2007లో ఇటలీదేశపు పరిశోధకులు దీనిని పరీక్షించి, కుక్క తన యజమానిని చూచినపుడు తోకను ఎక్కువగా కుడివైపునకును, తెలియని బలిష్ఠమైన కుక్కను చూచినపుడు ఎక్కువగా ఎడమవైపునకును ఊపునని కనుగొనిరి. కుడియెడమలు మన కంటికి తోచకపోవచ్చును గాని, స్నేహపు ఊపును వైరపు ఊపును గుర్తించుట కష్టము కాదు. స్నేహమున తోకతో పాటు నడుము, పిరుదులు కూడ మెత్తగా ఊగును. వైరమున ఒడలంతయు కర్రవలె బిగిసి, నిక్కిన తోక కొన మాత్రము వడివడిగా కదలును.

దాని వెనుక చూడదగిన గురుతులు కొన్ని కలవు. రెప్పవాల్చక ఎదుటిదానిని చూచుట. నోరు మూసికొని నిశ్చలముగా నిలిచిపోవుట. వీపుపై వెండ్రుకలు నిక్కుట. రెండవదాని భుజముమీద తలయో కాలో మోపుట. దారికి అడ్డముగా నిలిచి, దానిని ద్వారము దాటనీయకుండుట. పెదవి యెత్తి కోర చూపుట. ఈ సమయమున రెండవ కుక్క ముఖము పక్కకు త్రిప్పుకొని, మూతి నాకుకొనుచు, తప్పుకొనజూచినచో అది శాంతిని కోరుచున్నదని అర్థము. దానికి తప్పుకొను త్రోవ ఉన్నదా లేదా యనునదే అప్పుడు ముఖ్యము. క్వార్టరు వరండా మూలలో త్రోవ లేనిచో పిరికికుక్కయు కరచును.

ఈ మెట్టుననే గృహస్థుడు కలుగజేసికొనవలయును. కేకలు వేయుట వలదు, కర్ర యెత్తుట వలదు. మన అరపు కుక్కకు మరియొక కుక్క మొరుగువలె వినబడి ఉద్రేకమును హెచ్చించును. మామూలు గొంతుతో ఒకదానిని పేరుపెట్టి వేరొక దిక్కునకు పిలువవలయును. పిలిచిన వెంటనే వచ్చుటకు దానిని శాంతముగా నున్న దినములలో, చేతిలో చిన్నముక్క పెట్టి, నిత్యము అలవాటు చేసియుండవలయును. ఇల్లు కాలిన వెనుక బావి త్రవ్వినవాని సామెత మీరెరిగినదే.

గుర్రుమన్న కుక్కను కొట్టువారు కలరు. ఇది పెద్దపొరపాటు. గుర్రుమనుట హెచ్చరిక. గనిలో పైకప్పు కూలుటకు ముందు చిటచిట చప్పుడగునని మా యూరి కార్మికులు చెప్పుదురు. ఆ చప్పుడు వినబడుట మేలా, వినబడకుండుట మేలా? దెబ్బలకు వెరచి గుర్రుమనుట మానిన కుక్క, కోపము మానినది కాదు. అది ముందు చెప్పకయే కరచును.

ఇక మాంసఖండము సంగతి. ధర్మరాజు చెప్పిన ఆమిషము ఇంటిలో అనేకరూపములు ధరించును. అన్నము, మా ప్రాంతమున బొక్కలు అని పిలుచు ఎముకలు, పడుకొను చోటు, ఎండ తగులు మెట్టు, దొరికిన పాతచెప్పు, అన్నిటికంటె మిన్నగా యజమాని ప్రేమ. అమెరికాలో ఒకే యింటి కుక్కల పోరాటములు 38 ఉదంతములను పరిశీలించి 2011లో ఒక వ్యాసము ప్రకటింపబడినది. యజమాని ఒకదానిని ఆదరించుట, ఆహారము, ఉద్రేకము, దొరికిన వస్తువులు అనునవి ముఖ్యకారణములని అందు తేలినది. ఎక్కువ కలహములు ఒకే లింగపు కుక్కల నడుమ జరిగినవి. అందును ఆడకుక్కల పాలు హెచ్చు. కలహమునకు ముందు కాలుద్రవ్వునది తరచుగా క్రొత్తగా వచ్చినదియు, చిన్నదియు. ముసలికుక్కనే తప్పుపట్టువారు దీనిని గమనింపవలయును.

మా ప్రాంతమున ఇంకొక ప్రత్యేకకారణము కలదు. గనిలో పని మూడు షిఫ్టులు. ఇంటి యజమాని ఒకవారము మధ్యాహ్నమున, ఒకవారము రాత్రి, ఒకవారము ఉదయమున ఇల్లు చేరును. మోటారుసైకిలు చప్పుడు వినగానే కుక్కలన్నియు ఒక్కపెట్టున గేటుకడకు పరుగెత్తును. గేటు ఇరుకు, సంతోషము విరివి. ఒకదాని భుజము ఒకటి త్రోయును. ఆ సంతోషమే క్షణములో కోపముగా మారును. గేటు అవతల వీథికుక్క మొరిగినపుడును ఇంతే. దానిని చేరలేక, ప్రక్కనున్న తోడికుక్కను పట్టుకొనును. ఓపెన్‌కాస్టు గనిలో బండలు పేల్చిన చప్పుడునకును, దీపావళి బాణసంచాకును బెదరిన కుక్కలు కూడ ఇట్లే చేయుట చూచినాము.

కారణము తెలిసిన వెనుక నివారణము తెలియుట యెంతపని? అన్నము వేరువేరు గిన్నెలలో, వేరువేరు చోట్ల, ఒకదానికొకటి కనబడకుండ పెట్టవలయును. తినుట ముగిసిన వెంటనే గిన్నెలు ఎత్తివేయవలయును. బొక్కలు పెట్టు ఆచారమున్నచో తలుపు మూసిన వేరుగదులలోనే పెట్టవలయును. పడకలు కుక్కలకన్న ఒకటి హెచ్చుగా నుండుట మేలు. ఇంటికి వచ్చువాడు గేటుకడ కుక్కలను ముద్దుచేయరాదు. లోపలికి వచ్చి, చెప్పులు విడిచి, అవి నిమ్మళించిన తరువాత ఒక్కొక్కదానిని పిలువవలయును. ఒకదానిని నిమురుచుండగా రెండవది దూసికొని వచ్చినచో నిమురుట ఆపి లేచిపోవలయును. దినమంతయు గొలుసున కట్టి ఉంచుట కోపమును పెంచును గాని తగ్గింపదు. నిత్యము కొంతదూరము నడిపించినచో సగము చిక్కులు సడలును.

ఆడకుక్క ఎదకు వచ్చినపుడు మగకుక్కలు పోరాడుట సహజము. పశువైద్యునిచేత సంతాననిరోధ శస్త్రచికిత్స చేయించుట అందుకు తగిన మందు. పిల్లలతోనున్న తల్లికి వేరుచోటు ఈయవలయును. ఏండ్లతరబడి కలిసియున్న కుక్కలు ఆకస్మికముగా పోరాడినచో, ఒకదానికి నొప్పియో రోగమో కలదని అనుమానింపవలయును. చెవిపోటు, కీళ్లనొప్పి, పంటినొప్పి, చూపుతగ్గుట, వీనిని కుక్క నోటితో చెప్పలేదు. పంటితోనే చెప్పును.

కొందరు, "రెండింటిని పోరాడనిండు, ఏది పెద్దయో తేలిన వెనుక అవియే ఊరకుండును" అందురు. ఈ యభిప్రాయమునకు ఒక చరిత్ర కలదు. 1947లో షెంకెల్ అను పండితుడు బంధించియుంచిన తోడేళ్లను చూచి వానిలో అధికారపు పోరును వర్ణించెను. 1970లో మెచ్ అను అమెరికా శాస్త్రవేత్త తన గ్రంథమున దానినే ప్రచారము చేసెను. కాని ఆయనయే అడవిలోని తోడేళ్లను ఏండ్లతరబడి గమనించి, 1999లో ఆ మాటను సవరించెను. అడవిలోని తోడేళ్ల గుంపు తల్లి, తండ్రి, బిడ్డలు గల కుటుంబమే గాని, కుస్తీగోదా కాదని తేల్చెను. తన మాటను తానే సవరించుకొనుట పండితలక్షణము. ప్రతి కొట్లాటయు రెండవ కొట్లాటకు విత్తనమగును. పోరాడనిచ్చినచో పగ తీరదు, పండును.

ఎంత జాగ్రత్తపడినను ఒక్కొక్కప్పుడు పోరు జరుగును. అప్పుడు చేయరానిది ముందు చెప్పెదను. రెండు నోళ్ల నడుమ చేయి పెట్టరాదు. మెడపట్టీని పట్టుకొనబోరాదు. ఆ వేళ కుక్కకు తన యజమాని చేయి తెలియదు. పిల్లలను వెంటనే లోనికి పంపవలయును. పిమ్మట బకెట్టెడు నీళ్లు ముఖములపై గ్రుమ్మరించుట, పళ్లెములు గట్టిగా కొట్టుట, మందపు దుప్పటి కప్పుట, కుర్చీయో పలకయో నడుమ త్రోయుట, ఇవి ఉపాయములు. ఇవన్నియు విఫలమైనపుడు, ఇద్దరు పెద్దలుండినచో, చెరియొక కుక్క వెనుకకాళ్లను తొడలకడ పట్టుకొని ఒకేసారి వెనుకకు నడచి దూరముగా కొనిపోవచ్చును. ఒంటరివాడు దీనికి సాహసింపరాదు. ఒకటి రెండవదానిని పట్టు విడువక కరచియున్నపుడు లాగరాదు. లాగినచో చర్మము చీలిపోవును.

విడిపోయిన పిదప రెండింటిని తలుపు మూసి వేరుచేయవలయును. ఏది తప్పుచేసినదని విచారణ జరిపి దండించుట మన పని కాదు. భారతము ఆరంభముననే సరమ కథ యున్నది. జనమేజయుని తమ్ములు యజ్ఞశాలకడ ఏ తప్పును చేయని కుక్కపిల్లను కొట్టిరి. దాని తల్లి సరమ వచ్చి, తప్పులేనివానిని ఏల కొట్టితిరని నిలదీసెను. వారు బదులు చెప్పలేకపోయిరి. మనమును చెప్పలేము. కుక్క బొచ్చుక్రింద పంటిగాట్లు పైకి చిన్నవిగా కనబడి లోపల లోతుగా నుండి చీము పట్టును. కావున పశువుల దవాఖానకు కొనిపోయి చూపింపవలయును. ఒకటి రెండు దినములు వేరుగా నుంచి, ఆ వెనుక ఇంటికి వెలుపల, ఎవరి సొత్తును కాని బాటపై, ఇద్దరు మనుష్యులు చెరియొకదానిని పట్టి, ఎడముగా నడిపింపవలయును. ఎడము దినదినము తగ్గించి, తొందరపడక, ఇంటిలో కలుపవలయును.

మనుష్యుని కరచినచో తన ఇంటి కుక్కయే గదా యని ఉపేక్షింపరాదు. గాయమును వెంటనే ధారగా పారు నీటితో, సబ్బుతో, పదునైదు నిమిషములు కడుగవలయును. పసుపు, కారము, సున్నము, ఆకుపసరు పూయరాదు. ఆలస్యము చేయక దవాఖానకు పోయి టీకా ప్రారంభింపవలయును. 1885లో పాస్టరు మహాశయుడు పిచ్చికుక్క కరచిన బాలునికి తొలిసారి టీకా ఇచ్చి బ్రదికించెను. మా చిన్ననాట బొడ్డుచుట్టు పదునాలుగు సూదులని పిల్లలు వణకెడివారు. ఆ పాత టీకా 2005 నాటికి మన దేశమున నిలిచిపోయినది. ఇప్పుడు భుజమున కొద్దిసూదులతో సరిపోవును. రక్తము వచ్చిన గాయమునకు టీకాతో పాటు గాయముకడ ఇమ్యునోగ్లోబ్యులిన్ అను మందును ఇత్తురు. జలభీతి లక్షణములు కనబడిన వెనుక ఏ మందును పనిచేయదని మరువరాదు. కుక్కలకు ఏటేట టీకా వేయించుట గృహస్థుని విధి.

నా పూర్వశిష్యుడొకడు, భూగర్భగనిలో పనిచేయువాడు, ఒకనాడు అరచేతికి కట్టుతో మా ఇంటికి వచ్చినాడు. తండ్రి పెంచిన ముసలికుక్క యొకటి, పొరుగువారు విడిచిపోయిన పడుచుకుక్క యొకటి వాని యింట నున్నవి. "సార్, రోజూ కొట్లాటే. నా భార్య ఏదన్న ఒకదాన్ని ఇడిసిపెట్టి రమ్మంటున్నది. బిడ్డ అన్నం ముట్టుతలేదు. ఏం జెయ్యాలె?" అని అడిగినాడు. "ఏది ఎప్పుడు ఎక్కడ పోరాడినదో పదునైదు దినములు వ్రాసి తెమ్ము నాయనా, ఆ వెనుక మాటలాడుదము" అంటిని. వాని కూతురు నోటుబుక్కున గీతలు గీసి చక్కగా వ్రాసినది. తొమ్మిది కొట్లాటలలో ఆరు తండ్రి షిఫ్టు దిగి వచ్చు వేళ గేటుకడ, రెండు ఆదివారము మాంసము వండిననాడు, ఒకటి ముసలికుక్క పడుకొనియుండగా. పశువైద్యుడు చూచి ముసలిదానికి చెవిలో పుండున్నదని మందిచ్చినాడు. గేటు తెరచుటకు ముందు పడుచుకుక్కను పెరటిలో నుంచిరి. ఆదివారము తలుపులు మూసిరి. ముసలిదానికి ముందు అన్నము పెట్టిరి. రెండు మాసములలో కొట్లాటలు అరుదైనవి. అవి ప్రాణమిత్రములైనవని చెప్పను. ఒకే వరండాలో చెరియొక మూల నిద్రించుచున్నవి. అంతకన్న మనము కోరవలసినదేమి?

ఎన్ని చేసినను కలియని జంటలు కొన్ని యుండును. అప్పుడు జీవితాంతము తలుపు నడుమనుంచి పెంచుటయో, ఒకదానిని ఎరిగినవారి మంచి యింటికి ఇచ్చుటయో ధర్మమే. రాత్రివేళ దారిలో విడుచుట మాత్రము ధర్మము కాదు. ఆకలిదప్పులపాలగునట్లు జంతువును విడుచుటయు, వినోదమునకై జంతువులను పోరాటమునకు పురికొల్పుటయు 1960 నాటి జంతుహింసానివారణ చట్టము ప్రకారము నేరములు.

ముగించుటకు ముందు ఇంకొకమాట. కురుపాండవుల నడుమ ఆమిషమైనది రాజ్యము. దానిని వేళకు న్యాయముగా పంచిపెట్టగల పెద్ద ఒకడుండెను. అతడు ధృతరాష్ట్రుడు. తోకలు కదలినపుడు చూడడాయెను, పండ్లు కనబడినపుడు చూడడాయెను, అరపులు వినియు లేవడాయెను. ఇంటిలో అన్నపుగిన్నె గృహస్థుని చేతిలో నున్నది, గేటు గడియయు అతని చేతిలోనే యున్నది. ఆ రెండింటిని ఎరిగి వాడినచో పోరు తొలిమెట్టుననే ఆగును. కుక్కల విషయమున మనము ధర్మరాజులము కాలేకపోయినను, ధృతరాష్ట్రులము కాకుండిన చాలును.